పసుపు అట్ట

పోర్టర్‌విల్‌లో ఫిబ్రవరి పొగమంచు
తొమ్మిదింటిదాకా రోడ్డు ఇవ్వదు.
ఆలోగా ఆఫీసులో అట్టలు చదువుతాం,
నారింజ కొమ్మలకు రెండు వారాలు వేలాడి వచ్చిన
పసుపు జిగురు అట్టలు.
గళ్లు గీసి, గడికొక చూపు.
తామరపురుగు, దోమ, ఎవరిదో వెంట్రుక,
ఎటో పోతూ అంటుకుపోయిన పూరేకు.
ఇరవై రెండేళ్లుగా నాకు జీతమిస్తున్నది
వాటిలో లేని పురుగు.

ఉన్న రోజున అరుపులేం ఉండవు.
పావ్ షియోంగ్ కుర్చీ కొంచెం వెనక్కి జరిపి
"హైమా, ఓసారి చూస్తారా" అన్నాడు, అంతే.
లెన్సు కింద నువ్వుగింజంత.
రెక్కల మీద గోధుమ మచ్చలు.
బతికుండగా ఆకు మీద తల వంచి, తోక పైకెత్తి కూర్చుంటుంది,
బడిలో జవాబు తెలిసిన పిల్ల చెయ్యెత్తినట్టు.
తాగేది ఆకురసం, వదిలేది రోగం.
చెట్టుకు ఏళ్ల తరబడి తెలియదు.
తెలిసేసరికి ఈనెకు ఒక పక్క పచ్చన, ఒక పక్క పసుపు,
కాయ వంకర, రసం చేదు.
మందు లేదు. రంపం ఉంది.

మ్యాపు మీద వృత్తం గీసేది నేనే.
నాలుగు వందల మీటర్లు. మౌసు వదిలితే
నూట ముప్పై ఆరు ఇళ్లు లోపల పడ్డాయి.
వృత్తానికి మొహమాటం లేదు.
చెట్లన్నిటి ఆకులూ సంచుల్లో లాబుకు వెళ్లాయి.
ఒక్క చెట్టు పేరు వెనక్కి వచ్చింది.

ఇదలీనా బెట్టెంకూర్, పాడి అమ్మేసిన ముసలావిడ,
ఆ చెట్టు మొదట్లో కుర్చీ వేసుక్కూర్చుంది.
"రోగం ఏదీ, చూపించు" అంది.
చూపించలేకపోయాను.
ఆకులు కడిగి ఆరేసినట్టున్నాయి.
రోగం రెండో పేజీలో ఉంది, అంకెగా.
లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకుని
రెండో పేజీ మొత్తం చదివింది.
తర్వాత ఒక్కటే అడిగింది,
కాయలు కోసుకోనిస్తారా అని.
పావ్ నా వైపు చూశాడు. రూలు కూడా నా వైపే చూసింది.
ఆకూ కాడా లేకుండా, అన్నాను.
రంపం పట్టుకున్న కుర్రాడు సిగరెట్టు వెలిగించుకున్నాడు.
చలిలో మేమిద్దరం తొడిమలు తుంచుతూ కూర్చున్నాం,
బకెట్లు చాలక ఆమె చాకిరేవు బుట్ట తెచ్చింది.

అదే వృత్తంలో నూట పదో ఇల్లు నాది.
వరండాలో మట్టితొట్టి, దాన్లో కరివేపాకు,
నారింజకు దూరపు చుట్టం,
ఆ పురుగుకు మాత్రం పుట్టిల్లు.
నోటీసు పట్టుకుని మారిసెల్ ఒచోవా వచ్చింది.
తలుపు తట్టి రెండడుగులు వెనక్కి జరగాలని,
బ్యాడ్జి గుండె ఎత్తున పట్టుకోవాలని,
"మీ సహకారానికి ధన్యవాదాలు" అనేముందు
ఊపిరి తీసుకోవాలని నేర్పింది నేనే.
ఒక్కటీ మరిచిపోలేదు పిల్ల.
నా వాక్యాలు నేను గడప లోపల నిలబడి విన్నాను.
బాగా రాసిన వాక్యాలే.
ఎదుటి మనిషి నోరు తెరిచే సందు
ఎక్కడా ఉంచలేదు.

జారీ చేసినవారు: నా సంతకం.
అందుకున్నవారు: నా సంతకం.
రెండోది కాస్త వంకరపోయింది.

కూరలో కరివేపాకులా తీసిపారేశారు అంటారు మావాళ్లు.
పారేసేది రుచి దిగాక కదా
అని మారిసెల్‌కి చెప్పబోయి, ఎలా చెప్పాలో తెలియక
కాఫీ తాగుతావా అన్నాను.
డ్యూటీలో తాగకూడదంది. అదీ నేను నేర్పిందే.
మొదట్లో మందు పోసింది, ఆకుల మీద కొట్టింది,
ఏడాది దాకా తినరాదని కొమ్మకు చీటీ కట్టింది.
ముడి గట్టిగా ఉందో లేదో
అలవాటు కొద్దీ లాగి చూశాను.

సోమవారం శిక్షణ కాగితం తెరిచి
ధన్యవాదాలకు ముందు
ఒక ఖాళీ లైను వదిలాను.
పావ్ అది అచ్చుతప్పు అనుకుని
తీసేశాడు.