శివారు

ఉప్పుగాలికి హార్మోనియం రీడ్లన్నీ
చిలుము పట్టి గొంతు బొంగురుపోతే
భీమవరంలో వాయిదాల మీద కొన్నాను
ఈ నల్లపలకని.
నలభై తొమ్మిది మెట్లు.
తిత్తి లేదు, ఊపిరి లేదు.
నొక్కితే బల్ల మీద వేలు పడ్డ చప్పుడు, అంతే.

దీనికి సొంత గొంతు లేదని
అమ్మినవాడు చెప్పలేదు.
ఇది పాడదట. నొక్కిన సంగతి మోసుకెళ్తుందట:
ఫలానా మెట్టు, ఇంత బలం, ఇంతసేపు.
పాడాల్సింది లాప్‌టాప్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేరు.
మొగల్తూరు మొత్తం నిద్రపోయింది,
అది నోరు విప్పలేదు.

రాత్రి పదకొండు.
ఆదివారం ఆరాధనకి ఒక్కరోజే ఉంది.
"కొత్త పెట్టె వచ్చిందటగా" అని
పాస్టరుగారు రెండుసార్లు అడిగారు.

మా ఏబేలు మామ కాలవ మీద లస్కరు.
శివారు చేను ఎండితే రైతులు ఆయన్ని తిట్టేవారు.
ఆయన కాలవని తిట్టేవాడు కాదు.
టార్చీ పుచ్చుకుని, పంచె ఎగ్గట్టి
చేనిగట్టు నుంచి పైకి నడిచేవాడు,
బోదె, పిల్లకాలవ, తూము, లాకు దాకా.
"నీళ్ళు ఎక్కడో ఉంటాయిరా.
లేనిచోట నిలబడి ఏడిస్తే రావు."

నేనూ నడిచాను.
మొదట వైరు. ఫోను చార్జింగు వైరది,
కరెంటు మోస్తుంది, కబురు మొయ్యదు.
ఫోటోస్టూడియో సత్తిపండుని లేపి
కెమెరా వైరు అడిగి తెచ్చాను.
తెర మూలన గింజంత దీపం.
నొక్కితే మిణుకు. నొక్కితే మిణుకు.

తర్వాత ట్రాకు. వాయిద్యమే పెట్టలేదు అందులో.
ఇంతసేపూ ఖాళీ కుర్చీకి కబుర్లు చెప్పాను.
పియానోని పిలిచి కూర్చోబెట్టాను.
అప్పుడు లేచింది మీటరు,
పచ్చగా, ఆపైన పసుపుగా,
తెర నిండా పొంగుతున్న నీరు.
చెవిలో చుక్క లేదు.

ఒంటిగంట. రెండు.
వాల్యూము పెంచాను, ఇంకా పెంచాను.
ఆపి తెరిచాను. తీసేసి మళ్ళీ ఎక్కించాను.
డ్రైవరు చూడమంది.
నాకు తెలిసిన డ్రైవరు ఇసుక ట్రాక్టరు తోలతాడు.
కీర్తన కూడా కాదు, వట్టి సా.
ఒకే సా, ఒకే సా.
దూరంగా రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు మాత్రం
శ్రుతి పట్టుకుని తిరుగుతున్నాయి.

నాలుక్కి కింద షట్టరు లేచింది.
వెంటనే మాణిక్యం కేక:
"ఎవర్రా కొట్లో! ఎవరది!"
అట్లకాడతో మెట్లెక్కి వచ్చింది.
"నా పాటల డబ్బా దానంతటది కూస్తంది మాస్టారూ!
చార్జింగుకెట్టి గోనెసంచి కప్పానా,
సంచి కిందనించి ఒకటే కూత,
ఇడ్లీ రేకుల మధ్యన, సీకట్లో!"

ఇంకోసారి నొక్కాను.
కింద, మా నేల అడుగున,
సా.

మొన్న టిఫిను సెంటరు తెరిచిననాడు
ఆ డబ్బాకి ఈ లాప్‌టాప్‌నే కలిపి
పాటలు పెట్టింది నేనే.
మర్చిపోయిందీ నేనే. ఇది మర్చిపోలేదు.
పాపం, రాత్రంతా పాడుతూనే ఉంది
చివరిసారి పాడమన్న చోటే,
మినప్పిండికీ కొబ్బరిచిప్పలకీ.

మార్చాల్సిన గీత తెర మీద దొరికింది.
మార్చబోతే మాణిక్యం ఆపింది.
"ఆయ్, పొయ్యంటుకునేదాకా ఉంచండి.
ఈ యేళప్పుడు ఒక్కదాన్నే."

వాయించాను. నొక్కిన అరక్షణానికి గానీ
కింద పలకదు.
వేలు ముందు, స్వరం వెనక.
మొదటి చరణం కాళ్ళు తడబడ్డాయి.
రెండోదానికి కాస్త ముందే నొక్కడం పట్టుబడింది,
తెల్లారి నీళ్ళకి
రాత్రే తలుపెత్తే ఏబేలు మామలాగా.

ఇడ్లీ ఆవిరి మెట్లెక్కి వచ్చేసరికి
కిందనించి మాణిక్యం అరిచింది:
"మాస్టారూ, ఆ మూడోది తప్పు పలికిందండీ."

నిజమే. గ.
మళ్ళీ నొక్కాను.