ఇక నువ్వు

డులూత్‌లో ఆ ఫిబ్రవరి సరస్సు రేవుదాకా గడ్డకట్టింది.
తంతి కంపెనీ పారేసిన టైపు యంత్రాన్ని
నలుగురు చెవిటి మిత్రులు మా నేలమాళిగలోకి దించారు.
రెండు మెట్లు విరిగాయి, వెల్టో మామ బొటనవేలు నలిగింది.
వాళ్ల తిట్లన్నీ చేతులతోనే కాబట్టి
యంత్రం కింద పెట్టేదాకా ఎవరూ తిట్టలేకపోయారు.

దాని పక్కన చెప్పుల డబ్బా అంత పెట్టె,
పైన రెండు రబ్బరు గిన్నెలు.
ఫోను రిసీవర్ని వాటిలో
పసిబిడ్డని బోర్లా పడుకోబెట్టినట్టు పెట్టాలి.

మోడెమ్, అన్నాడు మామ వేళ్లతో, ఒక్కో అక్షరం విడదీసి.
అమ్మ అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చేది,
కొత్త పేరు కనబడితే విప్పి చూడందే ఊరుకోదు.
మర్నాడు నిఘంటువు చూసొచ్చింది.
మాడ్యులేటర్, డీమాడ్యులేటర్.
రెండు పొడుగాటి మాటల కొమ్మలు కొట్టేసి
మిగిలిన మోడుల్ని అంటుకట్టిన పేరు.
ఇంకా తవ్వితే వేళ్లలో లాటిన్, ఓ చిన్న కొలత,
మన గిద్ద లాంటిది.
పాడేవాళ్లు గొంతుని దాంతోనే కొలుచుకునేవారట.
"పాట కొలతా?" అమ్మ చేతులు ఎగిరాయి. "నాకా?"

ఇక్కడ మీట నొక్కితే అక్షరం ఈల అవుతుంది.
ఒక ఈల హెచ్చు, ఒకటి తగ్గు, వాటి వరుసలోనే మాటంతా.
తీగ వెంట మిల్వాకీ పోతుంది.
అక్కడి గిన్నె దాన్ని విని
తిరిగి అక్షరం చేస్తుంది.

ఆ ఈల విన్నది ఇంట్లో నేనొక్కణ్ణే.
ఎలా ఉంది, అడిగింది అమ్మ.
గొంతు పట్టేసిన పిట్టలు రెండు పోట్లాడుతున్నట్టుంది, అన్నాను.
ఆమె బల్లకి చెంప ఆన్చి చాలాసేపు ఉండిపోయింది.

అప్పటిదాకా ఆ పని నాది.
ఆరేళ్లకే బొగ్గు కొట్టువాడికి ఫోన్లో బాకీ ఒప్పుకున్నాను.
"ఎవర్రా నువ్వు?" అన్న బ్యాంకు గుమాస్తాకి
"మిసెస్ టోర్వినెన్‌ని" అని చెప్పాను.
చేతుల్ని గొంతు చేశాను, గొంతుని చేతులు చేశాను.
ఒక్కసారే,
పుట్టిన మూడోనాటి చెల్లి గురించి
ఆస్పత్రి నుంచి డాక్టరు చెప్పినప్పుడు,
నా వేళ్లు కదల్లేదు.
అమ్మ నా ముఖం చదువుకుంది.

పెట్టెకి ఆ బాధ లేదు.
ఏం మోస్తోందో దానికి తెలీదు.
అందుకే దానిమీద కొంచెం కోపం నాకు,
చాలా ఈర్ష్య.

రాత్రి గోడమీది బల్బు మూడుసార్లు వెలిగింది.
వెర్నా, అమ్మతో చదువుకున్నావిడ, మిల్వాకీ నుంచి.
పసుపు కాగితం గజాల కొద్దీ బయటికొస్తోంది.
నేను వంగి చూడబోతే
అమ్మ మోచేత్తో కప్పేసింది.
ఆమె ఫోన్లో నాకు తెలియని మాట ఉండటం
అదే మొదలు.

ఒకరి వంతు అయ్యాక రెండక్షరాలు కొడతారు,
ఇక నువ్వు, అని వాటి అర్థం.
టోపీ వెతుక్కుని, మంచుబండి లాక్కుంటూ గుట్టకేసి పోయాను.
వెనక ఇల్లంతా అదిరిపోతోంది.