పేరు గడిలో

దేవరకొండ పశువుల దవాఖానలో
రిజిస్టరు నాది.
వరుస నంబరు, యజమాని, ఊరు, జంతువు, పేరు.
బర్రెలకు పేరుండదు, ఆ గడిలో గీత గీస్తాను.
ఎడ్లకు రంగే పేరు.
కుక్కలొచ్చినప్పుడే
నా పెన్ను కొంచెం ఆగుతుంది.

బస్టాండు ముందర బత్తాయిలమ్మే ఈదమ్మ
పాత చెద్దరులో చుట్టుకొచ్చింది దాన్ని.
కుడి చెవి సగమే. వీపు మీద గజ్జి,
గజ్జి మీద వేపనూనె.
"ఏం పేరు?"
"బోణి."

లోపల్నుంచి నుజత్ మేడం తొంగిచూసింది.
ఏడాది పాటు స్కాట్లాండులో చదివొచ్చిన డాక్టరు.
"అరె, బోనీ! అక్కడ శాన కుక్కలకు ఇదే పేరు.
చక్కనిది అని అర్థం.
చంటిపిల్లను అంటరు, తెల్లారే పొద్దును అంటరు,
వానల తడిసిన గొర్రెను గూడ అంటరు.
నోట్లకెళ్లి మెల్లగ జారుతది గద,
కోపంతోని పిలిచినా
కోపం లెక్క వినపడదు."

ఈదమ్మ నవ్వింది, ఆకువక్క నోటికి కొంగు అడ్డంపెట్టి.
"చక్కనిదా మేడం, ఇదా?
ముసురు పట్టిన దినం, పగటీలి దాంక
ఒక్క కాయ కదల్లే.
బండి కింద, చక్రం పక్కన
వణుక్కుంట కూసున్నది.
తరుముదామని వంగిన్నో లేదో
శ్రీశైలం పోయే బస్సు పంచరై నిలవడ్డది.
రెండు గంపలు ఖాళీ.
మరి ఏమని పిలవాలె?"

నా పెన్ను ఇంకా గాల్లోనే ఉంది.
తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది,
పద్యం అప్పజెప్పలేక ఎక్కి నిలబడ్డ బెంచీ,
"పూబోణి అంటే ఏందిరా?" అని సారు బెత్తం.
పువ్వులాంటి ఆడమనిషి, సార్ —
ముప్పై ఏళ్లు ఆలస్యంగా, ఎవరూ అడక్కుండా
లోలోపల జవాబు చెప్పాను.
ఎక్కడి చక్కదనం, ఎక్కడి తొలిబేరం,
ఎక్కడి నా దెబ్బలు తిన్న పద్యం,
ఒకదానికొకటి చుట్టాలు కావు, నాకు తెలుసు.
అయినా మూడూ వచ్చి
ఆ సగం చెవిలోనే సర్దుకున్నాయి.

మిగిలిన ఇబ్బంది ఒక్కటే:
ణ రాయాలా, న రాయాలా?
మేడం న అంటది. ఈదమ్మ నోట రెండూ ఒకటే.
ఆఖరికి కుక్కనే అడుగుదామని వంగి చూశాను.
అది బల్ల కింద
నా చెప్పు నాకుతోంది.

సూది వేశాక, చీటీకి పది రూపాయలన్నాను.
ఈదమ్మ రొండిన సంచి తడుముకుంది,
తీయలేదు.
"పొద్దుగాల్నే వస్తి గద సారు,
ఇంక బోణి కాలే" అన్నది,
బోణిని చంకనేసుకొని.
మేడం గోడవైపు తిరిగి
భుజాలు కదిలేటట్టు నవ్వింది.

రెండు బత్తాయిలు బల్ల మీద పెట్టి పోయింది.
ఒకటి కాస్త మెత్తబడ్డది.
రుసుము గడిలో ఏం రాయాలో
ఇంకా తేల్చుకోలేదు.