పాచిమొహం

నవంబరు ఇరవైరెండు దాటితే మా ఊళ్లో తెల్లారదు.
పదకొండింటికి కొండల వెనక కాస్త నీలం,
ఒంటిగంటకల్లా అదీ సర్దుకుంటుంది.

హామర్‌ఫెస్ట్ రేవు పక్కన,
మంచు తోసే బళ్ల డ్రైవర్లు బూట్లు విప్పుకునే గదిలో
ఒక గాజుతొట్టె.
నూట ఎనభై లీటర్లు. పదిహేడు నియాన్ చేపలు,
పేరు పెట్టని ఒక నత్త.

గురువారం గురువారం నేను వస్తాను.
బకెట్టు, రబ్బరు గొట్టం, సన్నటి బ్లేడు,
గడువు తీరిన బ్యాంకు కార్డు.
అద్దం నిండా పచ్చటి చుక్కలు,
గసగసాలంత. గట్టివి.
స్పాంజికి లొంగవు, కార్డుని చూసి నవ్వుతాయి.
మొండివాడు రాజు కంటే బలవంతుడట.
ఈ మొండిదానికి వేరు లేదు, ఆకు లేదు,
పట్టు తప్ప ఏమీ లేదు.

కారణం నాకు తెలుసు. దీపం.
రోజుకి ఆరు గంటలు చాలని
గోడ మీద కాగితం అంటించాను, పెద్ద అక్షరాల్లో.
టైమరు పెట్టాను.
వారం తిరిగేసరికి టైమరు సొరుగులో,
స్విచ్చి మీద ఎవరి వేలిదో గ్రీజు మరక.

మూడో టైమరు కూడా సొరుగులో చేరాక
దొంగని పట్టుకుందామని పొద్దుపోయాక వచ్చాను.
పొద్దంటే గడియారంలోదే.

రాత్రి మూడు.
తొట్టె ముందు స్టూలు మీద హాల్‌గైర్.
చేతిలో కాఫీ కప్పు వణుకుతోంది, తాగట్లేదు.
గడ్డం మీద మంచు కరిగి చొక్కాలోకి కారుతోంది.
"బండి ముందు తెలుపు, చుట్టూ నలుపు.
రంగున్నది ఇదొక్కటే" అన్నాడు,
తప్పు ఒప్పుకున్నట్టు కాదు,
దారి అడిగినవాళ్లకి దారి చెప్పినట్టు.

నేను స్విచ్చి దగ్గరికి పోలేదు. బ్లేడు తీశాను.
కాసేపు చూసి, ఉండబట్టలేక లాక్కున్నాడు.
కుర్రతనంలో పడవల అడుగులు గీకేవాడట,
ఒడ్డుకెక్కించిన పడవ కింద వెల్లకిలా పడుకుని,
నాచూ గుల్లలూ మొహం మీద రాలుతుంటే.

"నిలబెట్టకు. పడుకోబెట్టు.
గీకుతున్నట్టు గాజుకి తెలియకూడదు."

కప్పు పట్టుకుంటే వణికిన చెయ్యి
మోచేతి దాకా నీళ్లలో మునిగి, కుదురుకుంది.
చుక్కలు పొట్టులా లేచాయి.
చేపలు ఎగబడి, నోట్లో వేసుకుని, ఉమ్మేశాయి.
మూలన సిలికాన్ అంచు దగ్గర బ్లేడు ఆపాడు:
"దీన్ని మాత్రం తాకకు. తొట్టెని పట్టుకున్నది ఇదే."

వెనక గోడ వదిలేశాం.
నత్తకీ ఓ చేను ఉండాలిగా.

ఇంటికి నడుస్తూ అనుకున్నాను.
నిద్ర లేచి పాచిమొహం కడుక్కుంటాం, సరే,
తెల్లారని ఊళ్లో ఏ వేళకని కడుక్కోవాలి?
ఏదో ఒక దీపం ముందు కూర్చుని
ఇదే పొద్దని ఒప్పందం చేసుకోవాలి కాబోలు.
మర్నాడు కాగితం చింపేశాను. టైమర్లు సొరుగులోనే ఉన్నాయి.

జనవరి ఇరవైఒకటిన సూర్యుడు
గోరంత పొడుచుకొచ్చాడు.
ఊరంతా రేవులో, పిల్లలు భుజాల మీద,
ఎవరో బాకా ఊదుతున్నారు.
హాల్‌గైర్ కనిపించలేదు.

వెళ్లి చూస్తే, గదిలో
కిటికీకి రెండు దుప్పట్లు మేకులతో కొడుతున్నాడు.
"ఎండ తగిలితే పాచి పడుతుంది" అన్నాడు,
నోట్లో మేకులు పెట్టుకునే,
నాకేమీ తెలియనట్టు.