వెడల్పు లేని అక్షరం

మహబూలాలో ఆరో అంతస్తు.
ఏసీ నీళ్లు బకెట్లో పడే చప్పుడే మా గడియారం.
నేను క్యాంపు టైమ్‌కీపర్‌ని.
నాలుగుంబావుకు పేర్లు, నాలుగున్నరకు బస్సు.

ఆ పొద్దు డ్యూటీ షీటు గోడకంటిస్తా ఉంటే
మస్తాన్‌వలి వచ్చి వేలు పెట్టి చూపించినాడు.
"ఏం బ్బీ, నన్ను ఇట్ల తొక్కేసినారే?"
చూస్తే, మస్తాన్వలి.
న కింద వ ఒత్తై నలిగిపోయి ఉంది.
"మా జేజి మొక్కుకోని పెట్టిన పేరు.
వలీని తెచ్చి న కాళ్లకాడ కూచోబెడతారా?"
నవ్వినాడు గానీ
ఆ నవ్వులో పళ్లకింద ఇసుక కరకరలాడింది.

షీటు అచ్చేసే ప్రోగ్రాం ఎవరి సొత్తూ కాదు.
కంపెనీ పైసా ఇయ్యకుండా దించుకున్నది.
దాని కడుపు ఎవురైనా తెరిచి చూడొచ్చు, కుట్టనూ వచ్చు.
రాజంపేట పాలిటెక్నిక్‌లో నేర్చిన నాలుగు ముక్కలు
ఇంకా తుప్పు పట్టలేదని
పదకొండు రాత్రులు వెతికినాను.

దొరికింది, రెండొందల పద్నాలుగో వరస:
ఖాళీలన్నీ ఊడ్చెయ్.
రాసినాయన ఎవరో శుభ్రమైన మనిషి.
తొమ్మిదేండ్లుగా ఆ చీపురు
తన పని తాను చేసుకుంటా ఉంది.

మన రాతలో ఒక అక్షరం ఉంది,
రూపం లేదు, శబ్దం లేదు, వెడల్పు కూడా లేదు.
న్‌కూ వ కూ నడాన నిలబడి
కలవొద్దు అంటుంది. అంతే దాని ఉద్యోగం.
ఆరుగురి గదిలో మంచానికీ మంచానికీ మధ్య
మేం వేలాడేసుకున్న లుంగీ లాంటిది.
చీపురు దాన్ని దుమ్మనుకుంది.

ఒక వరస కొట్టేసి రెండు చేర్చినాను.
ఎందుకో చెప్పే నాలుగు వాక్యాల ఇంగ్లీషుకే
ఎక్కువ సేపు పట్టింది.
తార్మో అని ఒకాయన, మంచు కురిసే ఏదో ఊరి నుంచి:
"కనపడనిది ఉందని నేనెట్లా నమ్మేది?
పరీక్ష రాసి పంపు."
అడిగింది న్యాయమే.

పరీక్షలో రెండు పేర్లు పెట్టినాను,
మస్తాన్‌వలి, మస్తాన్వలి.
వీళ్లిద్దరూ ఒకరు కారు అని రాసినాను.
ఎర్రగా వచ్చింది.
వరస చివర ఒక ఖాళీ మర్చిపోయినానంట, మళ్లీ ఎర్రగా.
మూడో రాత్రి, బయట దుమ్ముగాలి
కిటికీ సందుల్లోని తడిగుడ్డల్ని కొడతా ఉండగా
పచ్చగా.
కింద ఒకే మాట: చేర్చుకున్నాం.

కింది మంచంలో ఆయన్ను తట్టి లేపినాను.
"ఎన్ని దీనార్లు?"
"ఏమీ లేవు."
"ఓవర్‌టైమ్ కూడానా?"
"లేదు."
"అకామా అన్నా కొడతారా?"
"పాస్‌పోర్టు కూడా అడగలేదు."
దాంతో లేచి కూచున్నాడు.
"పాస్‌పోర్టు పెట్టుకోకుండానే
పనిలో చేర్చుకున్నారా?" అన్నాడు,
అట్లాంటి దేశం యాడుందో చెప్పమన్నట్టు.

ఆఫీసు కంప్యూటర్లో ఇంకా పాతదే నడుస్తాంది.
కొత్తది ఎక్కించమంటే
గస్సాన్ రంజాన్ తర్వాత అన్నాడు.
ఏ రంజానో చెప్పలేదు.
అందుకని రోజూ తెల్లారుజామున
నీలం పెన్నుతో న కూ వ కూ మధ్య
చిన్న గీత నేనే గీసేవాణ్ని.

పోయిన నెల ఆయన్ను వఫ్రా క్యాంపుకు మార్చినారు.
షీటులో ఇప్పుడా పేరు లేదు, గీతకు పని లేదు.
కానీ ఎవరో ఎక్కడో ఒక వరస మార్చినప్పుడల్లా
నేనెప్పుడూ చూడని ఊళ్లలో యంత్రాలు
మస్తాన్‌వలి అని పిలిచి
విడిగానే ఉన్నాడా అని చూసుకోని
ముందుకు పోతాయి.

పోతా పోతా లుంగీ ఎత్తుకపోయినాడు.
కొత్తగా వచ్చినాయన గురక
నా గురకలో కలిసిపోతా ఉంది.
రేపు జీతం పడితే
ఒక గజం గుడ్డ కొనాల.