రాగి పట్టీ

బోగోర్‌లో వానకి వేళ తప్పదు.
మధ్యాహ్నం మూడయ్యేసరికి
సలాక్ కొండ నెత్తిన మబ్బు కుదురుగా కూర్చుంటుంది.
ఆకుపచ్చ వ్యాన్లవాళ్ళు అద్దాలెత్తుకుంటారు.
నేను కుట్టుమిషను మీంచి లేచి
రేడియో గదిలోకి వెళ్తాను.

ముందు కరెంటు ప్లగ్గు.
తర్వాత యాంటెన్నా కేబులు, మర తిప్పి,
దాని కొసని కిటికీ బయట
ఖాళీ తేనె సీసాలో పడుకోబెడతాను.
నాన్న నేర్పిన పద్ధతి.
"గాజుకి పిడుగు భయపడుతుందనా, ఎంతిన్?
రోజూ లేచొచ్చి కేబులు ఊడదీసే అలవాటు
నీకు మిగుల్తుందని" అనేవాడు.

నాన్న పోయాక ఇల్లు రెండయింది.
నడుమ గోడ, ఇంకా సున్నం ఎరగనిది.
రేడియో, పెరట్లో స్తంభం నా వంతు.
వీధి గది, కరెంటు మీటరు అన్న జుమ్‌హానా వంతు.
నాలుగేళ్ళుగా మా మధ్య నడిచింది
కరెంటు బిల్లొక్కటే,
తలుపు సందులోంచి.

నవంబరులో ఒక రోజు
ప్లగ్గు తీశాను. కేబులు తీశాను. సీసా కూడా పెట్టాను.
పక్కవాళ్ళ కొబ్బరిచెట్టు నిలువునా చీలింది.
చెవుల్లో హోరు తగ్గాక చూద్దును కదా,
రేడియో ముందు పలకలోంచి
సన్నగా, అగరొత్తిలా పొగ.

మెకానిక్ ఓచిన్ మామ వచ్చాడు.
మూత విప్పి ముందు వాసన చూశాడు,
వంటవాడు చారు చూసినట్టు.
కంప్యూటరు నుంచి రేడియోకి పాకే తీగని
గోటితో ఎత్తాడు.
కుట్టుదారమంత తీగ. దాన్ని నేను మర్చిపోయాను.
కంప్యూటరు ప్లగ్గు గోడకే ఉంది,
బజార్లో కొన్న రక్షణ డబ్బాకి,
ఎర్రదీపం ఇంకా వెలుగుతున్న డబ్బాకి.

"పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమా, తల్లీ?
సరే, రేడియో ఎర్తు ఎక్కడుంది?"
స్తంభం మొదట్లో.
"మీటరు ఎర్తు?"
గోడవతల.
"వాటిని కలిపిన తీగ?"
నేను మాట్లాడలేదు.
"ఒక ఇంటికి రెండు నేలలు.
పిడుగు పడ్డ క్షణం నేల కూడా ఉబుకుతుంది,
ఇక్కడొక ఎత్తు, అక్కడొక ఎత్తు.
ఆ రెంటి మధ్యా దూకడానికి దానికో మెట్టు కావాలి.
మీ నాన్న రేడియో ఆ మెట్టయింది."

కూలి తీసుకోలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆలోచించాను.
మూడోరోజు రాగి పట్టీ చుట్ట చంకనపెట్టుకుని
అన్న తలుపు కొట్టాను.
జుమ్‌హానా చేతిలో రిమోటు.
వెనక గదిలో టీవీ నల్లగా ఉంది.
"నీది కూడానా?" అన్నాను.
నాలుగేళ్ళలో అదే మొదటి మాట.
తను బదులు చెప్పలేదు, గునపం తెచ్చాడు.

మీటరు దగ్గర్నించి తవ్వుకుంటూ వచ్చాం,
తనటునుంచి, నేనిటునుంచి, గోడ కిందికి.
ఎర్రమట్టి తడిసి పిండిలా ఉంది.
మోకాటి లోతులో గునపం ఠంగుమంది.
రాయి కాదు.
మట్టి దులిపితే రాగి, పచ్చగా చిలుమెక్కి.
నాన్న ఎప్పుడో వేసిన పట్టీ.
స్తంభం నుంచి సూటిగా మీటరు వైపు వెళ్తూ
మా గోడ పునాది దగ్గర తెగిపోయింది.
పార పెట్టిన కోత. పాతదే, అయినా నున్నగా ఉంది.
తాపీవాణ్ణి పిలిచింది అన్న.
డబ్బులిచ్చింది నేను.

కాసేపు ఇద్దరం ఆ కొస వంక చూస్తూ ఉన్నాం.
అప్పటికి చినుకులు మొదలయ్యాయి.
"ఉప్పూ బొగ్గూ ఉన్నాయా?" అన్నాడు.
ఉన్నాయన్నాను.
ఇసక్కాగితంతో చిలుము గీకి,
పాతదానికి కొత్తది బిగించి, మట్టి కప్పాం.
గుంట పూడ్చాక చేతులు కడుక్కుంటూ
"ఈ నెల బిల్లు నీ వంతు" అన్నాడు. అంతే.

రేడియో ఇంకా బాగవలేదు.
ఆ భాగం బాండుంగ్‌లో కూడా దొరకట్లేదట.
అయినా మూడింటికి లేచి
కేబులు కొసని సీసాలో పెట్టి వస్తాను.
నిన్న అలా వంగి ఉండగా
గోడవతల ఎవరో ప్లగ్గు లాగారు,
టక్కున,
మొదటి ఉరుముకన్నా ముందే.