ఆకంత చిల్లు

లూనెన్‌బర్గ్‌లో ముసురు. వంటింటి బల్ల మీద
ఆర్విల్లా అచ్చుల డబ్బా తెరిచింది.
రబ్బరు సిరా తాగింది. అట్ట మీద పుట్టగొడుగు
కాస్త వంకరగా మొలిచింది. పోనీలే.

స్టెన్సిల్ సందుల్లో ఆవపసుపు రంగు
స్పాంజితో అద్దుతుంటే
ఆకుల కన్నా ముందు బొటనవేలు పండింది.

డై మిషను పిడి తిప్పితే, కర్రుమని
మేపుల్ ఆకు తెగి పడింది,
ఈనెలతో సహా, చెట్టుకి తెలియకుండా.

ఏటా పదకొండు కార్డులు. ఈసారి పది.
చిరునామాల పుస్తకంలో హెస్పర్ ఇంకా ఉంది.
కొట్టేయడానికి చేతులు రాలేదు.

బుట్టలోకి పోవాల్సిన అట్టముక్క వేళ్ల మధ్య ఆగింది.
నడుమ ఆకంత చిల్లు.
కిటికీకి ఎత్తి పట్టుకుంది.
అవతల తడిసిన చెట్టు
ఆ ఖాళీలోకి ఎర్రగా వచ్చి
గాలికి కదిలింది.

పదకొండో కవరుకి తపాలా బిళ్ళ అంటించింది.
ఎవరికో ఇంకా రాయలేదు.